ఎర్ర పీపా దాకా

షికారు పడవల రేవులో తాతయ్య నలభై ఏళ్ళు ఇంజన్లు బాగుచేశాడు. ఆ నలభై ఏళ్ళలో ఆయనకు నచ్చిన పడవ యజమాని ఒక్కడంటే ఒక్కడు లేడు. ఇంజన్లు నచ్చేవి. ఎంత పాడైన ఇంజనైనా సరే, దాని పక్కన గొంతుక్కూర్చుని, "నీ తప్పేం లేదులే, నిన్ను కొన్నవాడిది" అని ఓదార్చేవాడు. ఆ తర్వాత క్యాబిన్ నేలలో ఉండే చెక్కమూత ఎత్తి, నూనె మరకల మొహం ఒక్కటీ పైకి పెట్టి, సోఫాలో కూర్చున్న యజమాని వంక చూసేవాడు. మెడ దాకా నేలలో ఉన్న మనిషి పైనున్నవాణ్ణి అంత చిన్నచూపు ఎలా చూడగలడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. తాతయ్యకు అది కష్టమనిపించేది కాదు.

"ఏమైంది మేస్త్రీ?"

"ఏమవుతుందండీ అయ్యగారూ. ఇంజనులో ఆయిలు మార్చాలని ఎవరూ చెప్పలేదా తమకి?"

"మార్చామే!"

"ఎప్పుడు?"

"కొన్నప్పుడు."

ఇంజను పాడు చేసినందుకు ఆయనకు కోపం వచ్చేది కాదు. అది కూడా లేకపోతే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? కోపమంతా వాళ్ళు చెప్పే మాట మీద. నీళ్ళ గొట్టం తెరవకుండా ఇంజను వేసి మాడ్చుకున్నవాడూ, తన తాడు తనే ప్రొపెల్లరుకు చుట్టించుకున్నవాడూ, అందరిదీ ఒకటే పాట. "మేమేం చెయ్యలేదు, దానంతటదే ఆగిపోయింది." ఆ మాట వినగానే తాతయ్య మూతి ముప్పై వంకరలు తిరిగేది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మమ్మకు చెప్పేవాడు. "చేతకాకపోవడం తప్పు కాదే. పుట్టగానే ఎవడికి వచ్చు? కానీ లక్షలు పోసి పడవ కొన్నవాడికి, 'నేనే చేశాను' అనే మాటొక్కటి కొనుక్కోవడానికి డబ్బు సరిపోలేదు."

బట్టల కొట్లో లాగులు పొట్టి చేసి, జాకెట్లు వదులు చేసే అమ్మమ్మ, నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ" అనేది. ఆవిడకు గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ నలభై ఏళ్ళలో ఏదో ఒకటి అనేసి ఉండేది.

యజమానులకు ఆయన పెట్టిన పేర్లు రేవంతా పాకాయి. బంగారు జరీ టోపీ లేకుండా పడవ ఎక్కని పెద్దమనిషి టోపీ కెప్టెన్. ఆ టోపీ ఎన్నడూ ఉప్పుగాలి మొహం చూడలేదు. ప్రతి ఏడాదీ సోఫాలకు కొత్త పరుపులు కుట్టించి, పాత ఇంజనుకు పాత ఆయిలే ఉంచే ఆసామి పరుపులాయన. ఇక అందరికంటే పై మెట్టు మీద తెల్లబూట్లాయన. ఈయన పడవ ఎక్కేముందు గుడ్డతో బూట్లు తుడుచుకుంటాడు. ప్లాస్టిక్ అట్టలో పెట్టిన చీటీ ఒకటి మెడలో వేసుకుని, ముప్పై రెండు పనుల జాబితా పైకి చదువుతూ, ఒక్కొక్కదాని పక్కన పెన్సిల్‌తో గీత పెడతాడు. "వీడు పెళ్ళాంతో మాట్లాడేముందు కూడా జాబితా చదువుతాడు" అనేవాడు తాతయ్య.

తాతయ్య ఉద్యోగం అయిపోయిన నెలలోనే పరుపులాయన పోయాడు. ఆయన కొడుకులకు పడవ గొడవ పట్టలేదు. ముప్పై ఆరడుగుల పొడవు, రెండు పడకలు, ఒక పొయ్యి, నిటారుగా నిలబడితే నెత్తికి తగిలే స్నానాల గది, కడుపులో ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. ఇరవై ఏళ్ళు తాతయ్య చేతుల మీద పెరిగిన ఇంజను. "నువ్వే ఉంచుకో మేస్త్రీ" అని కాగితాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టిన తాతయ్య నేల మీద నడవలేదు.

"పడవ ఇచ్చారా? ఎందుకూ?" అంది అమ్మమ్మ.

"నా పనితనం మీద గౌరవం."

"గౌరవముంటే గడియారం ఇస్తారండీ. వదిలించుకోవాలనుకుంటే పడవ ఇస్తారు."

ఆ రోజు నుంచీ ఆ పడవకు అమ్మమ్మ పెట్టిన పేరు సవతి. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "మా సవతికి ఒంట్లో ఎలా ఉంది? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేది. తాతయ్య ఎగతాళి పట్టించుకోకుండా నిజంగానే జవాబు చెప్పేవాడు. "వెనక తలుపు కీలు కొంచెం పట్టేసింది. ఇవాళ చూస్తా."

నిజానికి పడవ కంటే ఆయనకు దానితో వచ్చిన అట్టముక్క ముఖ్యం. రేవుకు పెద్ద ఇనుప గేటుంది. పని మానేసిన మర్నాడే కాపలావాడు చెయ్యి చాపి ఆయన దగ్గర పాసు తీసేసుకున్నాడు. నలభై ఏళ్ళు రోజుకు రెండుసార్లు దాటిన గేటు ముందు, ఆ వారమంతా పాలవాడిలా నిలబడ్డాడు తాతయ్య. గోడ అవతల ఏ ఇంజను దగ్గుతోందో చెవితో గుర్తుపట్టి, "మూడో సిలిండరు" అని కాపలావాడికి చెప్పేవాడు. వాడు, "అయితే నన్నేం చెయ్యమంటావు?" అనేవాడు. పడవ యజమాని అయ్యేసరికి యజమాని పాసు వచ్చింది. గేటు తెరుచుకుంది. ఎవరి మొహం చూస్తే ఒళ్ళు మండుతుందో, ఆ మొహాలన్నీ మళ్ళీ రోజూ చూసే భాగ్యం కలిగింది. అది లేకపోతే ఆయనకు అన్నం సహించదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకే తెలియదు.

తర్వాత నాలుగేళ్ళూ ఏం చేశాడయ్యా అంటే, పాలిష్ పెట్టాడు.

చెక్కకు పాలిష్, ఇత్తడికి పాలిష్. ఏడాదికోసారి క్రేనుతో పైకెత్తించి, అడుగున పట్టిన గుల్లలు గోకి, కొత్త రంగు. ఇంజను విప్పడం, కడగడం, బిగించడం, బిగించాక ఏదో చప్పుడు తేడాగా ఉందని మళ్ళీ విప్పడం. ఆదివారాల్లో తాళ్ళు కట్టే ఉంచి అరగంట ఇంజను నడిపేవాడు. గుర్రాన్ని గుంజకు కట్టేసి ఉన్నచోటే దౌడు తీయించినట్టు ఉండేది. "వినండి, వినండి" అని దారినపోయేవాళ్ళను పిలిచేవాడు. ఇంజను నిజంగానే నిద్రపోతున్న పిల్లిలా గుర్రుపెట్టేది.

"ఎప్పుడు బయటికి తీస్తారు మేస్త్రీ గారూ?" అని ఎవరైనా అడిగితే, "ఇంకొక్క చిన్న పనుంది" అనేవాడు. సరిగ్గా పరుపులాయన అనేమాట. టోపీ కెప్టెన్ అనేమాట. ఇంట్లో వాళ్ళకు ఈ విషయం మొదటి ఏడాదే అర్థమైంది. తాతయ్యకు ఇప్పుడు కావలసింది నెత్తిమీదికి ఒక జరీ టోపీ మాత్రమే అని మనవలు గుసగుసలాడుకునేవారు. ఒకరోజు అట్టతో, బంగారురంగు కాగితంతో ఒకటి చేసి ఆయన చొక్కా తగిలించే మేకుకు తగిలించారు కూడా. దాన్ని ఆయన చూసి, దాంతోనే గరాటు చేసి ఆయిలు పోసుకున్నాడు.

పడవ కట్టే పక్క జాగా తెల్లబూట్లాయనది. ఒక ఉదయం ఆయన మెడలో చీటీతో చెక్క వంతెన మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ గారూ, ఒక మాట అడగొచ్చా? మీ డీజిల్ టాంకు ఎప్పుడు కడిగించారు?"

"ఎందుకండీ అయ్యగారూ?"

"పుస్తకంలో ఉంది. కదలకుండా ఉన్న పడవల్లో టాంకు అడుగున నీరు దిగి, బురద పేరుకుంటుందట. రెండేళ్ళకోసారైనా..."

"మీ పుస్తకం ఎప్పుడైనా ఇంజను మొహం చూసిందా?"

"అది కాదండీ..."

"నేను ఇంజను చూసేవాణ్ణి అయ్యగారూ. డబ్బాలు తోమేవాణ్ణి కాను. అందులోంచి వచ్చే డీజిల్‌ను ఫిల్టరు చూసుకుంటుంది. ఫిల్టరును నేను చూసుకుంటాను. తమరు బూట్లు చూసుకోండి."

తెల్లబూట్లాయన చీటీలో ఏదో గీత పెట్టుకుని వెళ్ళిపోయాడు. టాంకులు కడగడం రేవులో చిట్టచివరి పని. మోకాళ్ళ మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి పెట్టి మడ్డి తోడే పని. ఆ పని చేసేవాళ్ళ పక్కన తాతయ్య టీ కూడా తాగేవాడు కాదు. వాసన అనేవాడు. ఆయన వాసన మాత్రం ఆయనకు అత్తరు.

ఇలా ఉండగా రేవు ఆఫీసు గోడ మీద నోటీసు పడింది. గత ఏడాదిగా అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఏడాదిలో ఒక్కసారైనా అలలకు అడ్డంగా కట్టిన రాతికట్ట బయట, గుర్తు కోసం నీళ్ళలో తేలేసిన ఎర్ర పీపా దాకా వెళ్ళి, సొంత ఇంజనుతో తిరిగి రాని పడవలకు జాగా రద్దు. జాగా రద్దయితే పాసు రద్దు. గడువు మూడు వారాలు. కింద ఏడు పడవల జాబితా. నాలుగోది సవతి.

అందులో అసలు రుచి ఏమిటంటే, ఆ నియమం పెట్టించింది తాతయ్యే. ఉద్యోగంలో ఉన్నంతకాలం, "ఇవి పడవలా, నీళ్ళలో కట్టేసిన డ్రాయింగ్ రూములా? కదలని ప్రతిదాన్నీ వెళ్ళగొట్టండి, ఎవడి మొహమూ చూడకండి" అని వచ్చిన ప్రతి అధికారికీ చెవిలో జోరీగలా చెప్పి, చివరికి తన చేత్తో అర్జీ రాసి ఇచ్చి మరీ ఇల్లు చేరాడు. ఆఫీసువాళ్ళు మూడేళ్ళు ఆలోచించి దాన్ని అక్షరం మార్చకుండా అచ్చు వేశారు. తాతయ్య నోటీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తన వాక్యాలు తనకే బాగున్నాయనిపించినట్టుంది.

మర్నాడు పొద్దున అమ్మమ్మ బట్టకు సుద్దగీతలు గీస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు నడపాలి."

"ఏమిటీ?"

"పడవ."

"నేనా! నలభై ఏళ్ళు రేవులో ఉన్నది మీరు."

"నేనెప్పుడూ చక్రం పట్టుకోలేదు."

అమ్మమ్మ కత్తెర కింద పెట్టింది. "ఒక్కసారైనా?"

"నా పని కింద కదా. పైన ఎవడో ఒకడు తిప్పేవాడు. నేను ఇంజను దగ్గర ఉండాలి, అక్కణ్ణుంచి కదలకూడదు."

అమ్మమ్మ నవ్వింది. గోడకు చేరబడి నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆయన మొహం చూసి నవ్వింది. "నలభై ఏళ్ళు సముద్రంలో ఉన్నానని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారే! మంచం కింద దూరి ఊళ్ళేలానన్నట్టుంది!"

ఆవిడకు నేర్పింది తెల్లబూట్లాయన. తాతయ్యకు తెలియకుండా కాదు, తెలిసే. ఆవిడ తిన్నగా వెళ్ళి, "బాబూ, ఈ చక్రం తిప్పడం ఎలాగో చెప్పు, ఆయన ఇంజనుతో తప్ప మనుషులతో మాట్లాడరు" అంది. ఆయన ఆరు ఉదయాలు తన పడవ మీదే నేర్పాడు. తాతయ్య తన పడవ కిటికీలోంచి దొంగచూపులు చూస్తూ ఇత్తడి గొళ్ళెం ఒకటి అరిగేదాకా తోమాడు.

"శత్రువు దగ్గర చదువా?" అన్నాడు ఇంటికొచ్చాక.

"మీ దగ్గర నేర్చుకుంటే నేలమూత ఎత్తడం తప్ప ఏమొస్తుంది?"

గడువుకు రెండు రోజుల ముందు, ఎండ బాగా కాస్తుండగా, తాళ్ళు విప్పారు. రేవులో ఉన్నవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. టోపీ కెప్టెన్ టోపీ సర్దుకుని సెల్యూట్ కొట్టాడు. అందులో వెటకారం లేదు; ఆ మనిషికి అంత తెలివి లేదు. ఆఫీసు కిటికీలో రేవు అధికారిణి దుర్భిణి పట్టుకుని కూర్చుంది. అమ్మమ్మ చక్రం ముందు కొట్లో కుర్చీలో కూర్చున్నంత ధీమాగా కూర్చుంది. ఆవిడ కాళ్ళ దగ్గర నేలమూత తెరిచి ఉంది. అందులోంచి తాతయ్య తల కనబడుతోంది.

"ఎడమకి!"

"ఎడమకే తిప్పుతున్నాను. మీకు అక్కణ్ణుంచి ఏం కనబడుతుందని?"

"చప్పుడుని బట్టి తెలుస్తుంది."

"నాకు కళ్ళని బట్టి తెలుస్తోంది. మీరు కిందికి దిగండి, చీర మీద ఆయిలు పడుతోంది."

రాతికట్ట దాటేసరికి మొదటి అల పడవను ఎత్తి దించింది. ఇంజను పాడుతోంది. నాలుగేళ్ళ పాలిష్ పాట. ఎర్ర పీపా దగ్గరైంది. తుప్పుపట్టి, నెత్తిన రెండు కొంగలతో, ఇంత హడావిడి తన కోసమేనా అన్నట్టు ఊగుతోంది. అమ్మమ్మ దాని చుట్టూ పెద్ద అర్ధచంద్రం గీసి, పడవను ఇంటివైపు తిప్పింది. చాలా బాగా తిప్పింది. తాతయ్య కింద నుంచి గర్వంగా, "ఎలా ఉంది నా ఇంజను?" అని అరిచాడు.

ఇంజను దగ్గింది.

ఒకసారి. రెండుసార్లు. మళ్ళీ అందుకుంది, గొంతు బొంగురుపోయింది, ఆగిపోయింది. అలల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

తాతయ్య ఫిల్టరు కింది గాజుగిన్నె మీద టార్చి వేశాడు. ఎప్పుడూ తేనెరంగులో ఉండే గిన్నె నల్లగా ఉంది. లోపల బురద, పీచులు పీచులుగా. ఏం జరిగిందో ఒక్క చూపులో తెలిసింది. ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రేవులో నీళ్ళు కదలవు. టాంకు అడుగున ఇరవై నాలుగేళ్ళ మడ్డి కదలకుండా పడుకుంది, ఇంజను పైపైన తేరిన డీజిల్ తాగుతూ ఆదివారాలు గుర్రుపెట్టింది. ఇవాళ అలలు టాంకును చల్లకుండలా చిలికాయి.

ఫిల్టరు మార్చాడు. చేతులు వాటంతటవే చేశాయి, ఎనిమిది నిమిషాల్లో. ఇంజను లేచింది. నూరు గజాలు పోయింది. ఆగింది. రెండో ఫిల్టరు మార్చాడు. యాభై గజాలు. మూడోది లేదు. ఆయన రెండు ఫిల్టర్లే తెచ్చాడు. అంతకంటే ఎక్కువ పెట్టుకునేవాళ్ళను పిరికివాళ్ళని వెక్కిరించిన మనిషి మరి.

"ఏమండీ," అంది అమ్మమ్మ పై నుంచి. గొంతులో వెటకారం లేదు. "రాతికట్ట దగ్గరికి పోతున్నాం."

గాలి పడవను పక్కవాటుగా తోస్తోంది. కట్ట మీది రాళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. అప్పుడే వెనక నుంచి తెల్లగా, శుభ్రంగా, ముప్పై రెండు గీతలూ పెట్టుకున్న పడవ ఒకటి వచ్చింది. తెల్లబూట్లాయన ముందుభాగంలో తాడు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. చక్రం దగ్గర ఆయన భార్య.

"తాడు వేస్తున్నా, పట్టుకోండి!"

తాతయ్య నేలమూతలోంచి పైకొచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపాడు. "వద్దు! తాడు వద్దు! తాడు పడితే లెక్కలోకి రాదు! ఇంకో పది నిమిషాలివ్వు!"

"పది నిమిషాలకి రాళ్ళ మీద ఉంటారు!"

"ఉంటే ఉంటాను! నీ తాడు నాకొద్దు!"

తాడు గాల్లో లేచింది. అమ్మమ్మ చక్రం వదిలి, ముందుకు నడిచి, తాడు అందుకుని, ముందుభాగంలో ఉన్న ఇనుపకొమ్ముకు నాలుగు చుట్లు చుట్టి బిగించింది. ఆ ముడి ఆవిడకు ఎవరు నేర్పారో చెప్పనక్కర్లేదు. వెనక్కి వచ్చి మళ్ళీ చక్రం పట్టుకుంది.

"మీ లెక్క మీరు చూసుకోండి. నాకింకా కొట్లో పదకొండు లాగులున్నాయి."

రేవు అంతా చూస్తుండగా, దూడను తాడుతో ఈడ్చుకొచ్చినట్టు తెచ్చి కట్టారు. తాతయ్యకు తల తీసి మొలేసినట్టయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది, తిరిగి తిట్టి ఉండేవాడు.

ఆఫీసులో రేవు అధికారిణి దుర్భిణి బల్ల మీద పెట్టి, కాగితం ముందుకు లాక్కుంది. ఆవిడకు తాతయ్య అంటే భయమూ లేదు, ప్రేమా లేదు. కానీ పక్క గదిలో ఆయన రాసిన అర్జీ ఇంకా ఫైల్లో ఉంది. ఆ చేతిరాత ఆవిడకు తెలుసు.

"మేస్త్రీ గారూ, కట్ట మలుపు దగ్గర నాకు సరిగ్గా కనబడలేదు. తాడు ఎక్కడ వేశారు? రాతికట్ట లోపలికి వచ్చాకైతే వెళ్ళివచ్చినట్టే రాసుకుంటాను. లోపల తీసుకున్న సాయం తప్పు కిందికి రాదు."

తాతయ్య నోరు తెరిచేలోపు తెల్లబూట్లాయన అందుకున్నాడు. "లోపలే మేడం. లోపలికి వచ్చాకే ఇంజను ఆగింది. అదీ ఏమీ లేదు, దానంతటదే..."

అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడకు ఆ అట్టముక్క ఏమిటో తెలుసు. అది పోతే ఆయన ఆ ఇనుప గేటు బయట నిలబడి గోడతో మాట్లాడతాడనీ తెలుసు. అందుకే ఆ ఒక్కసారి నోరు కదపలేదు.

తాతయ్య తెల్లబూట్లాయన వంక చూశాడు. నేలమూతలోంచి యజమానుల వంక చూసే పాత చూపే. ఆ తర్వాత ఆ చూపు మెల్లగా కిందికి దిగి, తన నల్లటి చేతుల దగ్గర ఆగింది.

"దానంతటదే ఏ ఇంజనూ ఆగదు మేడం," అన్నాడు. "బయటే ఆగింది. తాడు బయటే వేశారు. టాంకు కడగలేదు నేను. కడగమని ఈయన చెప్పాడు, చెప్పినా కడగలేదు. నేనే చేశాను. రాసుకోండి."

అధికారిణి కలం మూత తీసింది. "రాస్తే జాగా పోతుంది."

"ఎవడి మొహమూ చూడొద్దని నేనే కదా రాసిచ్చింది."

ఆవిడ రాసింది. పడవ తీసుకెళ్ళడానికి నెల గడువిచ్చింది. పాసు అంతవరకూ ఉంచుకోమంది. బయటికి వచ్చాక అమ్మమ్మ, "ఒక్క అబద్ధం చెబితే నాలుక ఊడిపోయేదా?" అంది. ఆయన, "ఆ అబద్ధం కాదే, ఏదైనా కొత్తదైతే చెప్పేవాణ్ణేమో. ఆ పాత మాట మాత్రం నా నోట్లోంచి రాదు" అన్నాడు. ఆ పూట మాత్రం అమ్మమ్మ సవతి అని పిలవకుండా, "మన పడవ" అంది. నాలుక జారి ఉంటుంది.

రేవుకు తూర్పున, తీరం వెంట ఆరు గంటల దూరంలో ఒక ఏటిమూతి ఉంది. చేపల పడవలు ఆగేచోటు. గేటు లేదు, గోడ లేదు, పాసు లేదు, బురద మాత్రం కావలసినంత. అక్కడికి పోవాలంటే ఇంజను నడవాలి. తాతయ్య పెద్ద పడక విప్పి, దాని కింద ఉన్న టాంకు మూత మరలు ఊడదీసి, మోకాళ్ళ మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి పెట్టాడు. పదకొండు రోజులు తోడాడు. మడ్డి, నీరు, తుప్పు, పరుపులాయన ఎప్పుడో పోగొట్టుకున్న, డీజిల్ ఎంతుందో కొలిచే పుల్ల. మూడోరోజు నుంచి తెల్లబూట్లాయన బూట్లు బయట విడిచి వచ్చి బకెట్లు అందుకోసాగాడు.

"మీ పుస్తకంలో ఇంకేముంది?" అని అడిగాడు తాతయ్య, టాంకులోకే మొహం పెట్టి.

"చాలా ఉంది. చదవనా?"

"చదువు. తప్పులుంటే చెప్తాను."

చదివాడు. తాతయ్య తప్పులు చాలా చెప్పాడు. కొన్ని నిజంగా తప్పులే. తెల్లబూట్లాయన ఆ తప్పులన్నీ పెన్సిల్‌తో దిద్దుకున్నాడు, ఇంత ఓపిక ఉన్న మనిషిని ఇన్నేళ్ళూ తిట్టడం ఎంత సులువో తాతయ్యకు అప్పుడు తెలిసొచ్చినట్టుంది. అయినా తిట్టడం మానలేదు. గొంతు కాస్త తగ్గించాడు.

నెలాఖరున కాపలావాడి చేతిలో తనే పాసు పెట్టి, పడవెక్కి, నేలమూతలోకి దిగాడు. అమ్మమ్మ చక్రం పట్టుకుంది. ఎర్ర పీపా దగ్గరికి వచ్చినప్పుడు, "చుట్టూ తిప్పనా?" అని అడిగింది అలవాటుగా. కింద తాతయ్యకు ఇంజను చప్పుడులో వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో. ఆవిడ తిన్నగా పోనిచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఏటిమూతిలోకి వచ్చారు. వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురు జాలర్లు తలలెత్తి, అద్దంలా మెరిసే చెక్కనూ, ఇత్తడి గొళ్ళేలనూ, కిటికీలకు పూలతెరలనూ చూశారు. ఒకడు నడుం మీద చెయ్యి పెట్టుకుని గట్టు చివరిదాకా వచ్చాడు.

"ఇదేంటి, పెళ్ళివారి పడవా? దారి తప్పారా?"

"తప్పలేదు. ఉండటానికే వచ్చాం," అంది అమ్మమ్మ.

వాడు తాడు అందుకున్నాడు. ముడి చూశాడు. ఇరుకు కాలువలో రెండు నాటుపడవల మధ్యకు పడవను తగలకుండా దూర్చిన తీరు చూశాడు. "నడిపిందెవరు? నువ్వేనా అమ్మా?"

"నేనే."

"బాగా నడిపావు." అప్పుడే క్యాబిన్ నేలలోంచి లేచిన తాతయ్య తల వాడికి కనబడింది. ఆయిలు మొహం, నెరిసిన జుట్టు. జాలరి దాన్ని పైనుంచి కిందికి, అంటే ఉన్నంతవరకూ, ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏముందో తాతయ్యకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మరి నువ్వేం చేస్తావు పెద్దాయనా?"

నలభై నాలుగేళ్ళలో ఎవరూ తాతయ్యను ఆ ప్రశ్న అడగలేదు.

"నేను కింద ఉంటాను," అన్నాడు.

"కింద ఏముంది?"

తాతయ్య మూత పక్కకు జరిపి, తను కాస్త ఒదిగి, జాలరికి చోటిచ్చాడు.

"రా, దిగు. చూద్దువు గాని."